ఉప్పుబుడ్డికి విలువ కట్టేదెవరు?

అమెరికా ఇళ్ళలో భోజనాల బల్ల మీద ఉప్పుకొకటి, మిరియాలపొడికొకటి చొప్పున రెండు చిన్న బుడ్లు ఉంటాయి. 1920ల నుంచి 1970ల దాకా ఈ బుడ్లు వేయని వేషం లేదు. పందిపిల్లలు, పెట్రోలు పంపులు, కౌగిలించుకున్న ఎలుగుబంట్లు, నావికుడూ మత్స్యకన్యా, టోస్టరూ రొట్టెముక్కా, రాష్ట్రాల పటాలు, పెంగ్విన్లు. వీటిని నావెల్టీ షేకర్లంటారు. పోగుచేసేవాళ్ళకు క్లబ్బులున్నాయి, ధరల పుస్తకాలున్నాయి, వీటికోసమే పెట్టిన మ్యూజియాలున్నాయి. ఇంతమంది ఇన్నేళ్ళుగా పట్టించుకున్నా ఒక ప్రశ్న మాత్రం తెగలేదు. అయిదు డాలర్లకు దొరికే జంటకూ, చూడ్డానికి అలాగే ఉండి వందల డాలర్లు పలికే జంటకూ తేడా ఎక్కడుంది?

మూడు రకాల జవాబులు వినిపిస్తాయి. పాతదైతే విలువైనదని కొందరు. పుస్తకంలో వేసిందే ధరని ఇంకొందరు. కొనేవాడు ఎంతిస్తే అంతేనని వ్యాపారులు. మూడింట్లోనూ కొంత నిజం ఉంది, ఏ ఒక్కటీ సరిపోదు. ఈ వస్తువులు ఎలా పుట్టాయో, ఎవరి చేతుల్లో తయారయ్యాయో, ఎలా పగిలిపోయాయో తెలిస్తే తప్ప విలువ సంగతి అర్థం కాదని నా నమ్మకం. పగిలిపోవడం గురించి ఊరికే అనలేదు. వీటిని గుట్టలుగా చేశారు, చవగ్గా అమ్మారు, పిల్లలున్న ఇళ్ళలో రోజూ వాడారు. కాబట్టి ఇవాళ బుడ్డి దొరకడం గొప్ప కాదు. రెండు బుడ్లూ విడిపోకుండా, పెచ్చు లేవకుండా, అడుగున బిరడాలతో సహా మిగలడం గొప్ప.

అసలు ఉప్పుకు బుడ్డి రావడమే ఆలస్యమైంది. ఉప్పు గాలిలో తేమను పీల్చి గడ్డకడుతుంది, సన్నటి చిల్లుల్లోంచి రాలదు. అందుకే ఐరోపా బల్లల మీద శతాబ్దాల పాటు మూత లేని చిన్న గిన్నెలే ఉండేవి. చెంచాతోనో కత్తి మొనతోనో తీసుకునేవారు. మన విస్తట్లో ఒక మూల ఉప్పు ముందే వడ్డిస్తారు కనుక ఆ ఇబ్బంది మనకు అంతగా తెలియదు. గాజు జాడీకి మర మూత కనిపెట్టి 1858లో పేటెంటు పొందిన జాన్ లాండిస్ మేసన్ పేరుమీదే మర మూత ఉప్పుబుడ్డిని కూడా చెబుతారు. బుడ్డి వచ్చినా గడ్డ సమస్య తీరలేదు. మూతకు బిగించిన పుల్లను తిప్పి లోపలి గడ్డను చిదుముకునే గాజు బుడ్లు కొన్ని వచ్చాయి. వాటి పేటెంటు తేదీ 1877 డిసెంబరు 25. అందుకే కలెక్టర్లు వాటిని ఇప్పటికీ క్రిస్మస్ సాల్ట్స్ అనే పిలుస్తారు. 1911లో మోర్టన్ కంపెనీ ఉప్పు గడ్డకట్టకుండా అందులో మెగ్నీషియం కార్బొనేట్ కలపడం మొదలుపెట్టాక కథ మారింది. 1914 నుంచి ఆ కంపెనీ డబ్బా మీద గొడుగు పట్టుకున్న పాప కనిపిస్తుంది. వానలోనూ ఉప్పు జారుతుందని ఆ బొమ్మ అర్థం. లోపల పుల్లలూ మరలూ అక్కర్లేని రోజు వచ్చాక బుడ్డిని ఏ రూపంలోనైనా చేయొచ్చు. బొమ్మలు చేసేవాళ్ళు ఈ రంగంలోకి దిగింది ఆ తర్వాతే.

మొదట దిగినవాళ్ళలో జర్మన్లు ముఖ్యులు. బవేరియాలో 1871లో మొదలైన గోబెల్ కార్ఖానా 1920ల్లో బొమ్మల బుడ్లు తెచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆ కార్ఖానా చేసిన గుండ్రటి పొట్ట, గోధుమరంగు అంగీ ఉన్న మఠవాసి బొమ్మలు ఇప్పటికీ ప్రతి పాత సామాన్ల సంతలోనూ కనిపిస్తాయి. గోబెల్ సరుకులో సుఖం ఏమిటంటే అడుగు చూస్తే కాలం తెలుస్తుంది. కిరీటం గుర్తుంటే 1940ల చివరిలోపుది. ఇంగ్లీషు వి అక్షరంలో తేనెటీగ ఉంటే 1950 తర్వాతది. ఆ తేనెటీగ ఏడాదులు గడిచేకొద్దీ చిన్నదై, చివరికి ఒక చుక్కా రెండు రెక్కలుగా మిగిలింది. ఇంత స్పష్టంగా గుర్తులు వేసిన తయారీదారులు ఈ రంగంలో అరుదు.

అమెరికాలో వీటిని పెంచింది కష్టకాలమే. 1929 ఆర్థిక పతనం తర్వాత పెద్ద డిన్నర్ సెట్లు కొనే శక్తి జనానికి లేదు. కుండల కార్ఖానాలు బట్టీ ఆరిపోకుండా చూసుకోవాలి. పదీ పాతిక సెంట్లకు అమ్ముడుపోయే చిన్న వస్తువు ఇద్దరికీ అక్కరకొచ్చింది. దానికి తోడు కార్లు పెరిగాయి, రోడ్లు పెరిగాయి. సెలవుల్లో ఊళ్ళు తిరిగేవాళ్ళు జేబులో పట్టే గుర్తొకటి ఇంటికి తెచ్చుకునేవారు. 1939 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శన చిహ్నాలైన శూలంలాంటి స్తంభమూ గోళమూ కూడా ప్లాస్టిక్ ఉప్పు-మిరియాల బుడ్లుగా అమ్ముడయ్యాయి.

ఒహాయో రాష్ట్రంలోని జేన్స్‌విల్ పట్టణంలో 1937లో మొదలై 1961లో మూతపడిన షానీ పాటరీ ఈ కాలానికి మంచి ఉదాహరణ. మెడకు రుమాలు కట్టుకుని నవ్వే స్మైలీ అనే పంది, దానికి జోడీ విన్నీ, పంటినొప్పి వచ్చినట్టు తలచుట్టూ గుడ్డ కట్టుకున్న మగ్సీ కుక్క దాని సొత్తు. వీటిలో చాలావాటి మీద కార్ఖానా పేరు ఉండదు. బొమ్మను చూసి పోల్చుకోవాల్సిందే. మామూలు రంగుల స్మైలీ జంట సులువుగా దొరుకుతుంది. అదే జంటకు బంగారు గీతలూ, అతికించిన పూలబొమ్మలూ ఉంటే ధర కొన్ని రెట్లు. బట్టీలో వచ్చిన చిన్న లోపాలను కప్పడానికే కార్ఖానాలో కొన్నిటికి ఇలాంటి అదనపు అలంకారం చేసేవారని కలెక్టర్లు చెబుతారు. అప్పట్లో తప్పును దాచిన బంగారమే ఇవాళ ధరను పెంచుతోంది. పాతదైతే విలువైనదనే వాదన ఇక్కడే కూలిపోతుంది. రెండు జంటలదీ ఒకే వయసు, ఒకే అచ్చు, ఒకే బట్టీ.

విస్కాన్సిన్‌లోని మాడిసన్‌లో 1940 నుంచి 1955 దాకా నడిచిన సిరామిక్ ఆర్ట్స్ స్టూడియోది ఇంకో దారి. అక్కడి బొమ్మల్లో అత్యధికం బెటీ హారింగ్టన్ అనే ఒక్క కళాకారిణి రూపకల్పన. తల్లి ఒడిలో పిల్ల సరిగ్గా ఇమిడిపోయేలా చేసిన జంటలు ఆమె ప్రత్యేకత. వాటిని స్నగ్లర్లంటారు. జపాన్ నుంచి వచ్చిన చవక నకళ్ళ ధాటికి ఆ స్టూడియో తట్టుకోలేకపోయింది. ఉత్తర డకోటాలోని వాపెటన్‌లో లారా టేలర్ రూపాలతో నడిచిన రోజ్‌మీడ్ కార్ఖానా కూడా 1961లో ఆగిపోయింది. ఆ ప్రాంతపు నెమలిజాతి పక్షి ఫెజెంట్ బుడ్లు దాని గుర్తు.

కౌగిలి బుడ్ల గురించి కొంచెం ఆగి చెప్పాలి. రూత్ వాన్ టెలింగన్ బెండెల్ గీసిన నమూనాలను ఇల్లినాయ్‌లోని రీగల్ చైనా కార్ఖానా పోసింది. రెండు ఎలుగుబంటి పిల్లలు. విడివిడిగా చూస్తే ఒక్కొక్కటీ చేతులు చాచి ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు వింతగా ఉంటుంది. రెండింటినీ దగ్గరకు చేర్చి కాస్త తిప్పితే ఒకదాని చేయి ఇంకొకదాని వీపు మీద పడి గట్టిగా అమరిపోతాయి. కుందేళ్ళు, బాతులు, మేరీ ఆమె గొర్రెపిల్ల కూడా ఇదే పద్ధతిలో వచ్చాయి. కుందేళ్ళు విపరీతంగా అమ్ముడయ్యాయి, అందుకే ఇప్పుడూ చవకే. నావికుడూ మత్స్యకన్యా జంట తక్కువగా మిగిలింది, అందుకే ఖరీదు. నైపుణ్యంలో రెండింటికీ తేడా లేదు. మార్కెట్ చెప్పే ధరకూ వస్తువులోని పనితనానికీ మధ్య దూరం ఎంతో తెలుసుకోవాలంటే ఈ రెండు జంటల్నీ పక్కపక్కన పెట్టి చూడాలి.

ఇక జపాన్. ఈ రంగంలో సింహభాగం జపాన్‌దే అయినా దాని గురించి రాసింది తక్కువ. నగోయా దగ్గరి సెటో పట్టణం శతాబ్దాలుగా కుండలకు పేరుపడింది. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ బొమ్మలు అమెరికాకు రావడం ఆగిపోయాక ఆ ఖాళీలోకి సెటో కార్ఖానాలు వెళ్ళాయి. రెండో యుద్ధం తర్వాత డాలర్లు కావాల్సిన దేశం, చవక వస్తువు కావాల్సిన అమెరికా దిగుమతిదారులు, నైపుణ్యం ఉన్న చేతులు మళ్ళీ ఒకచోట కలిశాయి. నమూనాలు చాలావరకు అమెరికా నుంచి వెళ్ళేవి. ప్లాస్టర్ అచ్చులో పలచటి మట్టిని పోస్తారు. గోడకు పట్టినంత పట్టనిచ్చి మిగిలింది వంపేస్తారు. ఆరాక తీసి అతుకుల గీతలు గీకి కాలుస్తారు. తర్వాత గ్లేజు అనే మెరుపు పూత, ఆపైన రంగులు. కనురెప్ప, చెంప మీద ఎరుపు, టోపీ అంచు, ఇవన్నీ చేతితో వేసినవే. ఒకే అచ్చులో పోసిన రెండు బాతుపిల్లల కళ్ళు ఒకేలా ఉండవు. అవి వేసినవాళ్ళ పేర్లు ఏ బుడ్డి మీదా లేవు. కాగితపు లేబుల్ మీద లెఫ్టన్, నాప్కో, ఎనెస్కో లాంటి దిగుమతి కంపెనీల పేర్లుంటాయి, ధరల పుస్తకాలు కూడా ఆ పేర్లతోనే సెట్లను వర్గీకరిస్తాయి. 1985లో కరెన్సీల విలువల మీద కుదిరిన ప్లాజా ఒప్పందం తర్వాత యెన్ విలువ పెరిగి ఎగుమతులు గిట్టుబాటు కాక సెటోలో బొమ్మల కార్ఖానాలు ఒకటొకటిగా మూతపడ్డాయి. బొమ్మలో ప్రాణం పెట్టిన మనిషిని వదిలేసి లేబుల్ అంటించిన కంపెనీని బట్టి విలువ కట్టడం ఈ రంగంలో అన్నిటికన్నా పెద్ద లోటని నాకనిపిస్తుంది. దాన్ని సరిదిద్దే పని జపాన్ పరిశోధకులూ అమెరికా కలెక్టర్లూ కలిసి చేయాలి. ఆ బట్టీల్లో పనిచేసినవాళ్ళు మనమధ్య ఉండగానే చేయాలి.

జపాన్ సరుకు కాలం చెప్పేది అడుగున ముద్రే. అమెరికాకు వచ్చే వస్తువు మీద ఏ దేశానిదో రాయాలన్న నిబంధన 1891 నుంచి అమలైంది. అప్పట్లో నిప్పన్ అని రాసేవారు. 1921 నుంచి జపాన్ అని ఇంగ్లీషు పేరే ఉండాలన్నారు. యుద్ధం ముగిసి అమెరికా సైన్యం అక్కడ ఉన్న కాలంలో, సుమారు 1947 నుంచి 1952 దాకా, ఆక్యుపైడ్ జపాన్ అనే మాట కలిసింది. ఈ మాట ఉన్నవాటికి ప్రత్యేకమైన అభిమానులున్నారు. అందువల్లే దొంగ ముద్రలూ ఉన్నాయి. అసలు ముద్ర చాలావరకు గ్లేజు కింద ఉంటుంది. గోళ్ళరంగు తుడిచే ద్రవంలో దూది ముంచి రుద్దితే చెరిగిపోయిన ముద్రను అనుమానించాల్సిందే. ముద్ర లేకపోతే నకిలీ అని మాత్రం అనుకోకూడదు. చాలా జంటల్లో ఒక్కదానికే ముద్ర వేసేవారు, చాలావాటికి కాగితపు లేబులే ఉండేది. అంట్లు తోమిన మొదటి వారంలోనే అది ఊడిపోయి ఉంటుంది.

ప్లాస్టిక్ వాటిని మట్టి బొమ్మల అభిమానులు చిన్నచూపు చూస్తారు, నాకది సబబుగా తోచదు. 1950ల్లో పెట్రోలు బంకులవాళ్ళు తమ కంపెనీ పంపు ఆకారంలోనే చిన్న బుడ్లు చేయించి వినియోగదారులకు ఇచ్చేవారు. కొన్నిటి మీద బంకు ఉన్న ఊరి పేరు కూడా అచ్చువేసేవారు. ఆ అచ్చు చెరగకుండా, డబ్బాతో సహా మిగిలితే మంచి ధర పలుకుతుంది. ఎప్పుడో మూతపడిన ఒక పల్లెటూరి బంకు గురుతు ఆ బుడ్డి ఒక్కటే కావచ్చు. అలాంటి దాని విలువను డాలర్లలో కొలవడం కష్టం.

నావెల్టీకీ కళకూ మధ్య గీత ఎక్కడో తేల్చుకోలేనివాళ్ళు ఈవా జైసెల్ బుడ్లను చూడాలి. 1906లో బుడాపెస్ట్‌లో పుట్టిన జైసెల్ సోవియట్ రష్యాలో పనిచేస్తూ స్టాలిన్ మీద కుట్ర చేసిందన్న అబద్ధపు ఆరోపణ మీద పదహారు నెలలు జైల్లో ఉంది. అమెరికా చేరాక 1946లో న్యూయార్క్ మోడరన్ ఆర్ట్ మ్యూజియం ఆమె పింగాణీతో ప్రదర్శన పెట్టింది. ఆ రోజుల్లోనే రెడ్ వింగ్ పాటరీ కోసం టౌన్ అండ్ కంట్రీ అనే సామాను రూపొందించింది. అందులో ఉప్పు, మిరియాల బుడ్లు రెండూ ఒకే ఎత్తువి కావు. పెద్దది కొంచెం వంగి ఉంటుంది, చిన్నది దాని పొట్టకు ఆనుకుంటుంది. కళ్ళు లేవు, ముక్కు లేదు, చేతులు లేవు. అయినా చూసిన ఎవరైనా తల్లీబిడ్డా అంటారు. చిన్న కూతురితో తన అనుబంధమే ఆ రూపానికి మూలమని జైసెల్ చెప్పుకుంది. ఇవాళ ఆ జంట పెద్ద మ్యూజియాల్లో అద్దాల వెనక ఉంది. హారింగ్టన్ స్నగ్లర్లూ, బెండెల్ కౌగిళ్ళూ అదే భావాన్ని కళ్ళూ చెవులూ పెట్టి చెప్పాయి. ఒకటి డిజైన్, మిగతావి చవకబారు అలంకారం అనడానికి నాకు మనసొప్పదు. మ్యూజియం గోడ లోపల ఉన్నందుకు ఒకదానికి వచ్చిన గౌరవంలో కొంతైనా మిగతావాటికి దక్కాలి.

ధరల సంగతికి వస్తే, 1980ల మధ్యలో హెలీన్ గార్నాచియా, మెల్వా డావర్న్ రాసిన సచిత్ర పుస్తకాలు ఈ రంగానికి పునాది వేశాయి. వాటికి ముందు కలెక్టరుకు తన ఊరి సంత తప్ప ఇంకో లోకం తెలియదు. ఏ జంటకు ఏది జోడీయో చెప్పిన ఘనత ఆ పుస్తకాలదే. పక్కన వేసిన ధరలను మాత్రం ఆ ఏటి అంచనాలుగానే చూడాలి. అదే దశకంలో మరో సంఘటన జరిగింది. చిత్రకారుడు ఆండీ వార్హోల్ 1987లో చనిపోయాక, 1988లో ఆయన సొత్తును సదబీస్ సంస్థ వేలం వేసింది. పాత సామాన్ల సంతల్లో ఆయన కొన్న 175 బిస్కెట్ జాడీలు దాదాపు రెండున్నర లక్షల డాలర్లు పలికాయి. అవి షేకర్లు కావు గానీ చేసిన కార్ఖానాలు చాలావరకు అవే. జనం కొన్నది జాడీని కాదు, వార్హోల్ చేతి స్పర్శను. అయినా ఆ వార్త విన్నాక వంటింటి బొమ్మల ధరలన్నీ పైకి లేచాయి.

ఆ వేడిని చల్లార్చింది ఇంటర్నెట్. 1995లో ఈబే వచ్చేదాకా అరుదు అనుకున్న జంటలు దేశమంతటా అటకల మీద ఎన్ని ఉన్నాయో ఎవరికీ తెలియదు. ఒక్కసారిగా అన్నీ బయటపడ్డాయి. దానికి తోడు పోగుచేసిన తరం పెద్దదైంది, వాళ్ళ పిల్లలకు అంత చోటూ లేదు, అంత మోజూ లేదు. మామూలు జపాన్ జంటలు ఇప్పుడు పది ఇరవై డాలర్ల లోపే దొరుకుతాయి. 1990ల ధరల పుస్తకం పట్టుకుని తాతగారి సేకరణ అమ్మబోయే కుటుంబాలకు గుండె కలుక్కుమంటుంది. నిజంగా తక్కువగా ఉన్నవి మాత్రం పట్టు సడలనివ్వలేదు. నన్నడిగితే ఈ పతనం సేకరణకు మేలే చేసింది. లాభం కోసం కొన్నవాళ్ళు వెళ్ళిపోయి, ఇష్టం కొద్దీ కొనేవాళ్ళు మిగిలారు.

ధర తెలుసుకోవాలంటే ఒక్క సూత్రం గుర్తుపెట్టుకుంటే చాలు. ఈబేలో అడుగుతున్న ధరను చూడకూడదు, అమ్ముడైపోయిన వాటి ధరను చూడాలి. ఎవరైనా ఎంతైనా అడగొచ్చు. అమ్ముడైన పది ధరలు చూసి మధ్యది పట్టుకుంటే ఉజ్జాయింపు తెలుస్తుంది. దుకాణంవాడికి అమ్మితే అందులో సగమో అంతకంటే తక్కువో చేతికొస్తుంది, వాడి అద్దె వాడికుంటుంది. ఇన్సూరెన్సు కోసం వేసే విలువ వేరు, మళ్ళీ కొనాలంటే ఎంతవుతుందో అది చెబుతుంది. మూడు అంకెలనూ కలిపేసి నిపుణుడు మోసం చేశాడని బాధపడేవాళ్ళను చూస్తుంటాం.

స్థితి విషయంలో కలెక్టర్లు చాలా కఠినం, ఉండాలి కూడా. ఒంటరి బుడ్డికి జంట ధరలో సగం రాదు, పదో వంతు వస్తే గొప్ప. విడిపోయిన ఒంటరులకు జోడీ వెతికిపెట్టే ఏర్పాటు క్లబ్బుల్లో ఉంది. అలా కలిపిన జంటను మ్యారేజ్ అంటారు. రంగులు, ఎత్తు, గ్లేజు మెరుపు సరిగ్గా కలిస్తే తప్పు లేదు, కలిపిన సంగతి మాత్రం చెప్పి అమ్మాలి. గ్లేజు మీద సన్నగా అల్లుకున్న నెర్రెలు వయసుతో వచ్చేవే. బీట వేరు, అది పైనుంచి లోపలిదాకా ఉంటుంది. వేలితో తడితే మంచి పింగాణీ గణగణమంటుంది, బీటపడింది మొద్దుగా మోగుతుంది. కొన్నిటి రంగును కాల్చకుండా పైపైన వేశారు. దాన్ని కోల్డ్ పెయింట్ అంటారు, ఒక్క గట్టి తోముడుకు పోతుంది. పాతవాటికి బిరడా కార్కుతో చేసింది, తర్వాత రబ్బరు, ప్లాస్టిక్ వచ్చాయి. బిరడా మార్చినందుకు ధర పెద్దగా పడిపోదు.

విలువైన జంటలో ఉప్పు పోయవద్దు. ఈ మాట ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. తేమ పీల్చిన ఉప్పు నెర్రెల్లోంచి లోపలి మట్టిలోకి ఇంకుతుంది. ఆరినప్పుడు స్ఫటికాలుగా పెరిగి గ్లేజును పెచ్చులుపెచ్చులుగా లేపేస్తుంది. లోహపు మూతలను తినేస్తుంది. పాత రంగుల్లో, గ్లేజుల్లో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి తినేవాళ్ళ క్షేమం దృష్ట్యా కూడా వాడకపోవడమే మంచిది.

నకిలీలను పట్టే పద్ధతుల్లో నాకు బాగా నచ్చింది మట్టి స్వభావాన్ని నమ్ముకున్నది. అసలు బొమ్మ మీద అచ్చు తీసి కొత్తది పోస్తే, ఆ కొత్త మట్టి ఆరి, కాలేసరికి సుమారు పదో వంతు కుంచించుకుపోతుంది. అంటే నకలు ఎప్పుడూ అసలుకన్నా పొట్టిగా ఉంటుంది. చేతిలో స్కేలూ, పుస్తకంలో అసలు ఎత్తూ ఉంటే చాలు. ముక్కూ మడతలూ మొద్దుబారి కనిపించడం రెండో గుర్తు. చీకట్లో అతినీలలోహిత దీపం వేస్తే తర్వాత పూసిన రంగూ, అతికించిన చోటూ వేరేగా మెరుస్తాయి. షానీ బొమ్మలకూ కౌగిలి బుడ్లకూ నకళ్ళు మార్కెట్లో ఉన్నాయి. కొనేముందు కొలవడం మొహమాటపడాల్సిన పనేం కాదు.

ఇంకో సంగతి చెప్పకుండా ఈ సమీక్ష పూర్తికాదు. ఈ బుడ్లలో ఎన్నో నల్లవాళ్ళను హేళన చేసినవి. లావాటి ఆయా, పుచ్చకాయ తినే పిల్లవాడు, బానిసత్వపు రోజుల వంటమనిషి. పాన్‌కేక్ పిండి కంపెనీ ఆంట్ జెమైమా పేరుతో పంచిన ఎర్ర ప్లాస్టిక్ బుడ్లు ఒహాయోలోని ఎఫ్ అండ్ ఎఫ్ కంపెనీ పోసినవి. అవి లెక్కలేనన్ని ఇళ్ళలో పొయ్యి పక్కన నిలబడ్డాయి. ఆ బ్రాండు పేరును తీసేస్తున్నట్టు కంపెనీ 2020లో ప్రకటించింది. ఇవాళ బ్లాక్ అమెరికానా అనే పేరుతో వీటికి మంచి ధర ఉంది, నకళ్ళూ అన్నిటికన్నా ఎక్కువ వీటికే. కొందరు వీటిని పగలగొట్టాలంటారు, కొందరు చరిత్ర అంటారు.

ఈ విషయంలో డేవిడ్ పిల్‌గ్రిమ్ చేసిన పనే సరైనదని నా అభిప్రాయం. ఆయన నల్లజాతి సామాజిక శాస్త్రవేత్త. 1970ల తొలినాళ్ళలో అలబామాలోని మొబైల్ పట్టణంలో, పన్నెండు పదమూడేళ్ళ వయసులో, సంతలో ఇలాంటి వస్తువొకటి కొని అక్కడికక్కడే నేలకేసి కొట్టాడు. అది ఆయా బొమ్మ ఉన్న ఉప్పుబుడ్డి అయివుంటుందని తర్వాత రాసుకున్నాడు. పెద్దయ్యాక పగలగొట్టడం మానేసి పోగుచేయడం మొదలుపెట్టాడు. ఆయన ఇచ్చిన వేల వస్తువులతో మిషిగన్‌లోని ఫెరిస్ స్టేట్ యూనివర్సిటీలో జిమ్ క్రో మ్యూజియం నడుస్తోంది. రోజూ అన్నం తినే బల్ల మీద కూర్చుని ఒక జాతిని ఎలా చిన్నబుచ్చారో అక్కడ విద్యార్థులు కళ్ళారా చూస్తారు. అలాంటి బుడ్డి ఉండాల్సిన చోటు అదే. ముద్దొచ్చే పందిపిల్లల మధ్య అలమరలో అలంకారంగా పెట్టుకోవడం, లాభానికి తిప్పి అమ్మడం నాకు సమ్మతం కాదు. ఇంట్లో పెద్దలు వదిలిపోయినవి ఉంటే మ్యూజియానికి రాసి అడగడం మంచిది.

అందరికన్నా విశాలంగా ఈ సేకరణను చూసింది బెల్జియంలో పుట్టిన ఆండ్రియా లడెన్. వృత్తిరీత్యా పురాతత్వవేత్త. 1980ల్లో ఒక మిరియాల మర కొంటే అది పనిచేయలేదు. ఇంకో రెండు కొని కిటికీ గట్టు మీద పెడితే ఇరుగుపొరుగు ఈవిడ ఇవి పోగుచేస్తోందనుకుని తెచ్చివ్వసాగారు. అలా మొదలైంది టెనెసీలోని గాట్లిన్‌బర్గ్‌లో మ్యూజియం అయింది. ఇరవై వేలకు పైగా జంటలు. స్పెయిన్‌లోని గ్వాడలెస్ట్ కొండ ఊళ్ళో దీనికి రెండో శాఖ ఉంది. ఖరీదైనదీ చవకదీ అన్న తేడా లేకుండా, రంగుల వారీగా, రూపాల వారీగా, దేశాల వారీగా అక్కడ వరుసలు తీర్చారు. పగిలిన పెంకుల్లోంచి ఒక నాగరికత ఎలా తిని, ఎలా బతికిందో చెప్పగలిగే మనిషికి ధర పట్టీ అక్కర్లేదు. మన హైదరాబాదులో మూడో సాలార్‌జంగ్ యూరప్, జపాన్ పింగాణీని కొన్నదీ ఇలాంటి తీరని ఆసక్తితోనే. ఆయనకు పెద్ద జాగీరు ఉండేది, ఈమెకు గరాజ్ సేళ్ళు.

అమెరికాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు ఈ బుడ్లు తరచూ తారసపడతాయి. పక్కింటి పెద్దావిడ ఇల్లు ఖాళీ చేస్తూ పెట్టిన ఎస్టేట్ సేల్‌లో, చర్చి సంతలో, గుడ్‌విల్ దుకాణం అరల్లో. చూడగానే ముచ్చటేసిందా, అయిదూ పదీ డాలర్లలో ఉందా, సందేహించకుండా కొనండి. పెట్టుబడి అనుకుని మాత్రం కొనవద్దు, తిరిగి రాదు. తీసుకునే ముందు రెండూ ఒకే జోడీయేనా, అంచుల్లో పెచ్చులున్నాయా, అడుగున ఏముందో చూడండి. అమ్ముతున్నవాళ్ళు ఆ ఇంటివాళ్ళే అయితే ఒక్క మాట అడగండి. ఎక్కడ కొన్నారు, ఏ ఏడు, ఎవరు ఇచ్చారు. చెప్పింది చిన్న చీటీ మీద రాసి, మడిచి, బుడ్డి లోపల పెట్టి బిరడా బిగించండి. రేపు ఆ జంట ఎవరి చేతికి వెళ్ళినా ఏ ధరల పుస్తకంలోనూ దొరకని సంగతి దానితో పాటే వెళ్తుంది.